412 గంటల 35 నిమిషాలు

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. నాకు 61 ఏళ్ళు. చిత్తూరులో ఒక బెల్లం మండీలో గుమస్తాగా చేరి, తర్వాత ప్రైవేటు కంపెనీలో అకౌంటెంట్‌గా చేసి, మొత్తం 36 ఏళ్ళ సర్వీసు తర్వాత రెండేళ్ళ కిందట రిటైర్ అయ్యాను. ఇప్పుడు తిరుపతిలో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. చిన్నప్పట్నుంచీ సంగీతమంటే పిచ్చి. రిటైర్ అవగానే 18,500 పెట్టి కీబోర్డు, 9,200 పెట్టి వయొలిన్, 1,400 పెట్టి ఫ్లూటు కొన్నాను. మా నాయన హార్మోనియం కూడా అటక మీద ఉంది. 14 నెలల్లో 412 గంటల 35 నిమిషాలు ప్రాక్టీస్ చేసినట్టు నా రిజిస్టర్‌లో ఉంది, అయినా వయొలిన్ మీద ఇంకా వర్ణం దాకా రాలేదు. మాస్టారికి 24 ఏళ్ళు, లెక్కపెట్టుకోవడం మానేసి వినండి సార్ అంటాడు. సాయంత్రం నేను వయొలిన్ తీస్తే మా ఇంటామె గదిలోకి పోయి తలుపేసుకుంటుంది. అబ్బాయి బెంగళూరు నుంచి ఫోన్ చేసి అన్నీ అమ్మేయమంటాడు. ఇవి చాలవన్నట్టు అపార్ట్‌మెంట్ అసోసియేషన్ లెక్కలు, గుడి కమిటీ లెక్కలు, తోడల్లుడి జీఎస్టీ అన్నీ నా నెత్తినే. 65 నిండేలోపు ఒక చిన్న కచేరీ చేయాలని కోరిక. ఇది అయ్యే పనేనా, మానేయమంటారా? 
– సంగీతం పిచ్చి అకౌంటెంట్, తిరుపతి

జవాబు:

సార్, ఏమీ అనుకోకండి, ఆ 35 నిమిషాల దగ్గర నాకు నవ్వొచ్చేసింది. గంటలు రాసుకునేవాళ్ళని చూశాను గానీ నిమిషాలతో సహా టోటల్ వేసి కింద రెండు గీతలు కొట్టేవాళ్ళని ఇదే చూడ్డం. సరే నేనూ ఒక లెక్క వేశాను. 14 నెలలంటే దగ్గర దగ్గర 425 రోజులు, మీ గంటల్ని దాంతో భాగిస్తే రోజుకి 58 నిమిషాలు, గంట కూడా పళ్ళేదు. అది కూడా మూడు వాయిద్యాలకీ కలిపి. అందులో వయొలిన్ వాటా ఎంతో మీ రిజిస్టర్ తిరగేసి మీరే చూసుకోండి. చిన్నపిల్లలు వారానికి రెండు క్లాసులు పోతా సరళీ వరసలు, జంటలు, అలంకారాలు, గీతాలు, స్వరజతి అనే తొలి పాఠాలన్నీ దాటుకుని వర్ణం దగ్గరికి వచ్చేసరికి రెండు మూడేళ్ళు ఈజీగా పడతాయి, ఎముకలు మెత్తగా ఉన్న పిల్లలకే. కాబట్టి వర్ణం రాకపోవడంలో మీ తప్పేం లేదు, పెట్టిన దానికి తగినంతే వచ్చింది.

ఇప్పుడు మీ మాస్టారి మాట. లెక్కపెట్టడం మానేయమన్నాడంట కదా, ఆ అబ్బాయి మాట నేను సగమే ఒప్పుకుంటా. మన సంగీతంలో ఉన్నంత లెక్క మీ ఆవర్జా పుస్తకాల్లో కూడా ఉండదు సార్. మాయామాళవగౌళతోనే కదా మీకు పాఠం మొదలైంది, ఆ రాగం పేరులోనే దాని నంబరు దాక్కుని ఉండాది, ఎవరన్నా చెప్పారా మీకు? కటపయాది అని ఒక లెక్క, ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె. మా అంటే 5, యా అంటే 1. రాస్తే 51 వస్తుంది, దాన్ని తిప్పి చదవాలి, 15. మాయామాళవగౌళ 15వ మేళకర్త, అంటే 72 మూల రాగాల్లో 15వది. ధీరశంకరాభరణంలో ధీ అంటే 9, ర అంటే 2, తిప్పితే 29. మేచకళ్యాణిలో మే 5, చ 6, తిప్పితే 65. ఇట్లా 72 రాగాలకీ పేరు ముందు రెండక్షరాల్లోనే వోచర్ నంబరు పెట్టేశారు పెద్దలు. రెండు వైపుల మొత్తాలు సరిచూసే ట్రయల్ బ్యాలెన్స్‌లో తేడా వచ్చి, ఆ తేడా 9తో భాగిస్తే శేషం లేకుండా పోయిందంటే ఎక్కడో 51ని 15 అని అంకెలు తారుమారు చేసి రాశామని వెతుక్కునేవాళ్ళు కదా మీరు, ఇక్కడ ఆ తారుమారే రూలు! ఇది మీకు తగిలినంత హాయిగా ఇంకెవరికి తగుల్తుంది చెప్పండి.

తాళం కూడా అంతే. ఆది తాళం ఒక ఆవర్తనానికి 8 దెబ్బలు, దెబ్బకి 4 అక్షరాలు, మొత్తం 32. ఇప్పుడు 8 అక్షరాల ముక్క ఒకటి తీసుకుని మూడుసార్లు వేసి, మధ్యలో రెండు చోట్ల నాలుగేసి అక్షరాలు ఆగండి. మూడెనిమిదులు 24, రెండు నాలుగులు 8, సరిగ్గా 32 అయ్యి తర్వాతి దెబ్బ సమం మీద, అంటే తాళం మొదలయ్యే చోట ఠపీమని పడుతుంది. మృదంగం ఆయన ఇట్లా మూడుసార్లు తిప్పే ముగింపు, తీర్మానం వేసి సమంలో దిగ్గానే హాల్లో జనం అబ్బా అని తలలూపుతారు చూడండి, అది లెక్క కుదిరిన ఆనందమే, మార్చి 31 రాత్రి రెండు వైపులా ఒకే అంకె వచ్చినప్పుడు మీకు వచ్చేది అదే.

మరి మాస్టారి మాటలో ఒప్పుకునే సగం ఏదంటే, మీరు లెక్కపెడతా ఉన్నది తప్పు ఐటెమ్. నిమిషాలు లెక్కపెడతా ఉన్నారు. నిమిషాలు జీతం వాళ్ళకి సార్, పాటకి కాదు. ఆ రిజిస్టర్ పారేయమని నేను చెప్పను, చెప్పినా మీరు పారేయరు, టైము కాలమ్ కొట్టేసి దాని స్థానంలో ఆ రోజు ఏది తప్పిందో రాయండి. రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంలో జంట వరస పోయేటప్పుడు నిషాదం జారింది, రూపక తాళంలో మూడో ఆవర్తనానికి తొందరపడ్డాను, ఇట్లా. తేలని వాటినన్నిటినీ సస్పెన్స్ అకౌంట్‌లో పెట్టి, ఒక్కొక్కటిగా క్లియర్ చేసుకుంటా రండి. ఇక వినడం అంటారా, వాయించేటప్పుడు మన చెవి మనకి ఎప్పుడూ అనుకూలంగానే చెప్తుంది, అది మన సొంత క్యాష్ బుక్ లాంటిది. ఆదివారం పూట ఫోన్లో రికార్డ్ చేసి సోమవారం పొద్దున కాఫీ తాగుతా వినండి, అది బ్యాంకు స్టేట్‌మెంటు. రెండిటికీ తేడా ఎక్కడుందో పట్టుకోవడం మీకు ఒకరు నేర్పాల్సిన పని కాదు. ఆ కుర్రాడు వినండి అన్నది దీన్నే, పాపం 24 ఏళ్ళ వాడికి బ్యాంక్ రీకన్సిలియేషన్ అని చెప్పడం తెలీలేదు అంతే.

వయొలిన్ సంగతి మాత్రం మొహమాటం లేకుండా చెప్పేస్తా. వీణకైతే 24 మెట్లుంటాయి, వేలు మెట్టు దగ్గర పెడితే స్వరం దగ్గరదగ్గరగా అయినా పలుకుతుంది. వయొలిన్‌కి మెట్టే లేదు, వేలు వెంట్రుకవాసి పక్కకి పోతే అపస్వరం, ఆ వెంట్రుకవాసి చెవికీ వేలికీ కలిసి అలవాటవడానికి ఏళ్ళు పడతాయి. పైగా మన పద్ధతిలో నేల మీద కూర్చుని వయొలిన్ తలని కుడి పాదం దగ్గర ఆనించి వాయించాలి, 61లో మోకాళ్ళు దానికి ఏమంటాయో మీకే తెలుసు. షుగర్ ఉందో లేదో మీరు రాయలేదు, షుగర్ ఉన్నవాళ్ళకి భుజం పట్టేయడం మామూలు వాళ్ళకన్నా ఎక్కువ, అది కూడా చూసుకోవాలి. సీఏ చదివి కచేరీలు చేసేవాళ్ళు లేరా అని అడుగుతారేమో, ఉన్నారు, కర్ణాటక సంగీత గాయకుడు సంజయ్ సుబ్రహ్మణ్యన్ చదివింది చార్టర్డ్ అకౌంటెన్సీయే, కానీ ఆయన సంగీతం మొదలుపెట్టింది చిన్నప్పుడు, రిటైర్ అయ్యాక కాదు. వయసు మళ్ళాక వయొలిన్ పట్టుకుని బాగా వాయించే వాళ్ళు ఎవరూ ఉండరని అనడం లేదు, నాలుగేళ్ళలో కచేరీ అనే మీ కోరికకీ ఆ వాయిద్యానికీ పొంతన కుదరదు అంటున్నా.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు ఒకటి కంటపడింది. కీబోర్డు 18,500, వయొలిన్ 9,200, ఫ్లూటు 1,400, అన్నిటికీ రేటు రాశారు, నేను కూడితే 29,100 వచ్చింది. హార్మోనియంకి మాత్రం రేటు లేదు. "కూడా అటక మీద ఉంది" అని ఒక్క ముక్క రాసి దాటేశారు. నిమిషాలు కూడా వదలని మనిషి ఒక వస్తువుకి రేటు రాయలేదంటే అది పుస్తకాల్లోకి ఎక్కని ఆస్తి అని అర్థం. ఏడ్చారో లేదో తెలీదు గానీ అది రాసేటప్పుడు పెన్ను ఒక సెకను ఆగుంటుంది అని నాకు గట్టి నమ్మకం.

మీ నాయనది ఏ ఊరో రాయలేదు. చిత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో హార్మోనియం ఉన్న ఇల్లు అంటే అయితే రామాలయం భజన గోష్ఠి, లేకపోతే భారతం. మా అమ్మమ్మ ఊళ్ళో ఎండాకాలం భారతం జరిగేది, 18 రోజులు, మధ్యాహ్నం పూట హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. అర్జునుడి వేషం వేసినాయన పద్యం పాడతా తపస్సు మాను ఎక్కుతుంటే కింద పిల్లల్లేని ఆడవాళ్ళు తడిబట్టల్తో సాష్టాంగం పడుండేవాళ్ళు, ఆఖరి రోజు మట్టితో ఇంత పెద్ద దుర్యోధనుణ్ణి చేసి పడుకోబెట్టేవాళ్ళు. నాకు వేషగాళ్ళ మొహాలు గుర్తులేవు, స్టేజీ పక్కన ఓరగా కూర్చుని ఒక చేత్తో తిత్తి ఊపుతా ఇంకో చేత్తో మెట్ల మీద వాయిస్తా, వేషగాడు రాగం ఎంతసేపు లాగితే అంతసేపూ వాడి వెంటే పోయే హార్మోనియం తాత మాత్రం గుర్తున్నాడు. భీముడు ఎత్తుకున్న శ్రుతి తప్పితే ఒక్క మెట్టు గట్టిగా నొక్కి లోపలికి లాక్కొచ్చేవాడు. మీ నాయన అట్లాంటి ఆయనే అయ్యుంటే, చదువుకునే రోజుల్లో మీకు దీంతో కూడు రాదురా, లెక్కలు నేర్చుకో అని చెప్పుంటే నేనేం ఆశ్చర్యపోను.

హార్మోనియం అంటే సంగీతం తెలిసినవాళ్ళు కొందరు మూతి తిప్పుతారు, అది కూడా చెప్పాలి కదా. గమకం పలకదు, స్వరం నుంచి స్వరానికి జారడం కుదరదు, మెట్టు మీద ఉన్నదే స్వరం. ఆ కారణంగానే 1940లో ఆలిండియా రేడియో వాళ్ళు దాన్ని స్టూడియోలోకే రానీయకుండా నిషేధించారు, చాలా ఏళ్ళు నడిచింది ఆ నిషేధం. తోడిరాగం ఆలాపన దాని మీద చేయమని ఎవరూ మిమ్మల్ని అడగరు లెండి. భజనకీ, పద్యానికీ, గొంతుతో పాటు పాడుకోవడానికీ దానికి మించింది లేదు. వేలు పెట్టగానే స్వరం స్వరంగా పలుకుతుంది, కుర్చీ బల్ల వేసుకుని వాయించుకోవచ్చు, మోకాళ్ళతో పని లేదు. అన్నిటికన్నా ముఖ్యం, మీరు కీబోర్డు మీద పెట్టిన గంటలు ఏవీ నష్టం కింద రాయక్కర్లేదు, మెట్ల వరస అదే, వేళ్ళు అవే, ఓపెనింగ్ బ్యాలెన్స్‌గా ముందుకి తెచ్చుకోవచ్చు.

కాబట్టి నేనైతే ఇట్లా చేస్తా. వయొలిన్ ఎవరన్నా నేర్చుకునే పిల్లకి సగం రేటుకి ఇచ్చేస్తా. ఫ్లూటు 1,400 కదా, పడుండనిస్తా. కీబోర్డు ఉంచుకుని రాత్రి పూట హెడ్‌ఫోన్ పెట్టుకుని వేళ్ళ ప్రాక్టీసుకి వాడుకుంటా. మాస్టార్ని మాత్రం వదలను, మీ లెక్కల గోలని 14 నెలలు భరించిన కుర్రాడు మంచోడు, ఆయన్ని గాత్రం చెప్పమని అడుగుతా. మీ ఉత్తరం మొత్తంలో మీరు ఒక్కసారి కూడా పాడినట్టు రాయలేదు సార్, అదే నాకు వింతగా అనిపించింది. హార్మోనియం వాయించేవాడు పాడాలి. మగవాళ్ళకి మామూలుగా ఒకటి నుంచి రెండు శ్రుతి మధ్యలో ఎక్కడో ఒక చోట కుదుర్తుంది, వయసు మీద పడ్డాక పైస్థాయి అందడం కష్టమవుతుంది కాబట్టి అర శ్రుతి కిందికి దిగడానికి సిగ్గుపడకండి. క్లాసు ఎదురుగా కూర్చునే చెప్పించుకోండి, వీడియో కాల్‌లో గొంతు ఆలస్యంగా చేరి ఇద్దరూ కలిసి పాడ్డం అస్సలు కుదరదు.

పాడ్డానికి ఏముంది అంటారా, మీరు ఉండేది తిరుపతిలో సార్! అన్నమయ్య కీర్తనలు రాగి రేకుల మీద చెక్కి కొండ మీద గుళ్ళో అరలో దాచిపెట్టారని అందరికీ తెలుసు, మీకు నచ్చే సంగతి ఇంకొకటుంది. ఆ రేకుల మీద పాట పైన రాగం పేరు ఉంటుంది, స్వరాలు ఉండవు. నెరేషన్ రాసి అమౌంట్ రాయని వోచర్ లాగా. ఆ అమౌంట్లన్నీ మొన్నటి కాలంలో పూరించినవే, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు, నేదునూరి కృష్ణమూర్తిగారు, 2025లో పోయిన గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్‌గారు, ఇట్లాంటి మహానుభావులు బాణీ కట్టబట్టే ఈ రోజు పాడుకుంటున్నాం. అందుకే రేపు భజనలో ఎవరన్నా మీరు పాడేది అసలు బాణీ కాదు అని పట్టుకుంటే మీరు భయపడాల్సిన పని లేదు, మీ గొంతుకి అందే తేలికపాటి బాణీ ఏదైతే అది మాస్టార్ని అడిగి తీసుకోండి. సాయంత్రాలు అన్నమాచార్య కళామందిరానికో మహతి ఆడిటోరియంకో పోయి కూర్చోండి, ఎక్కువ కచేరీలకి టికెట్ కూడా ఉండదు. 

సాయంత్రం బయటికి పొమ్మనడానికి ఇంకో కారణం ఉంది, అది మీ ఇంటామె. ఆమె తలుపేసుకుంటున్నది వయొలిన్ మీద కోపంతో అని మీరు తేల్చేసుకున్నారు. మా పెదనాన్న కథ చెప్తా. ఆయన రిటైర్ అయ్యాక వీణ కొన్నాడు, రోజూ సాయంత్రం ఆరింటికి హాల్లో. మా పెద్దమ్మ మూతి ముడుచుకుని తిరిగేది. ఆయనేమో ఈమెకి సంగీతం పడదు అని ఊరంతా చెప్పుకున్నాడు. ఒకరోజు అందరం ఉండగా ఆమె అనేసింది, ఇన్నేళ్ళుగా ఆ టైములో నేను రేడియో పెట్టుకుని కూరగాయలు తరుక్కునేదాన్ని, ఇప్పుడు నా ఇంట్లో నా రేడియో పెట్టుకునే దిక్కు లేదు అని. అంతే సార్ విషయం. గొడవ వీణతో కాదు, సాయంత్రం ఆరింటి టైముతో. పెదనాన్న మర్నాటి నుంచి పొద్దున్నే మేడ మీదికి మార్చుకున్నాడు, పెద్దమ్మే పైకి కాఫీ పంపడం మొదలుపెట్టింది. 36 ఏళ్ళు తొమ్మిదింటికి పోయి రాత్రికి వచ్చేవాళ్ళు మీరు, ఆ ఇల్లు పగలంతా ఆమెది, మీరు రిటైర్ అయ్యి వచ్చి ఆమె ఆఫీసులో కుర్చీ వేసుకున్నారు. ఏ టైము నీకు ఖాళీగా కావాలి అని ఒక్కసారి అడిగి చూడండి. అడిగినప్పుడు రిజిస్టర్ చేతిలో పెట్టుకోవద్దు.

అబ్బాయి గురించి పెద్దగా చెప్పేదేం లేదు, బెంగళూరులో ఉన్నవాడికి ఇక్కడి శబ్దం వినపడదు, అమ్మ ఫోన్లో చెప్పిందే వాడు మీకు తిప్పి చెప్తా ఉన్నాడు. ఆమె సంగతి తేలితే వాడి సంగతీ తేలిపోతుంది.

ఊరి లెక్కలన్నీ నెత్తిన వేసుకోవడం మాత్రం మానండి. రిటైర్ అయిన డాక్టర్ని మెట్ల మీద ఆపి మందు అడిగినట్టు, రిటైర్ అయిన అకౌంటెంట్ ఫ్రీ అని అందరికీ ఒక నమ్మకం. అసోసియేషన్ వాళ్ళకి మూడు నెలలు టైమిచ్చి పుస్తకాలు అప్పజెప్పేయండి, నెలకి ఇంత అని ఇస్తే ఎవరన్నా కుర్రాడు చేస్తాడు. తోడల్లుడి జీఎస్టీ కొంచెం సున్నితం, నెల నెలా 20వ తారీఖు వచ్చేసరికి 3బి రిటర్ను వేశావా అన్నా అని ఫోన్ చేసేది ఆయనే, ఆయన ఇంటామె మీ మరదలో వదినో, అందుకే ఆ మాట మీరు చెప్పొద్దు, మీ ఇంటామెకి వదిలేయండి, వాళ్ళు వాళ్ళు చూసుకుంటారు. గుడి కమిటీ లెక్కలు మాత్రం వదలకండి. అక్కడ శనివారం భజన జరుగుతుందా లేదా కనుక్కోండి, జరిగితే కమిటీ ప్రెసిడెంటుతో, లెక్కలు నేను రాస్తా, భజనలో హార్మోనియం నాది అని ఒప్పందం చేసుకోండి. నికరంగా లాభం మీకే. 

కచేరీ అంటారా, సభలో మైకు ముందు రెండున్నర గంటలు అనే కచేరీ 65కి కుదరదు, కుదురుతుందని అబద్ధం చెప్పి మిమ్మల్ని సంతోషపెట్టడం నాకు ఇష్టం లేదు. కానీ 65 దాకా ఎందుకు ఆగడం? వచ్చే ధనుర్మాసానికి పెట్టుకోండి. తెల్లవారుజామున చలిలో గుళ్ళో తిరుప్పావై అయ్యాక వేడి పొంగలి పంచేలోపు ఓ పావుగంట ఖాళీ దొరుకుతుంది, జనం లేచి పోరు, పొంగలి కోసమైనా కూర్చుంటారు. రెండు కీర్తనలు చాలు. తప్పు పోయినా పక్కనున్న ఆడవాళ్ళ గొంతుల్లో కలిసిపోతుంది, మీ నాయన కూడా ఎన్నిసార్లు అట్లా గట్టెక్కాడో ఎవరికి తెలుసు.

ముందు పెట్టె తెరిచి చూడాలి. ఏళ్ళ తరబడి అటక మీద ఉంటే తిత్తి గుడ్డని ఎలకలు కొట్టేసి ఉంటాయి, రీడ్లలో దుమ్ము చేరి కొన్ని మెట్లు నొక్కినా పలకవు, కొన్ని నొక్కకుండానే మూలుగుతాయి. కంగారు పడి పాతసామాన్ల వాడికి వేసేయొద్దు, ఇవన్నీ రిపేర్ అయ్యేవే, పద్య నాటకాల వాళ్ళని ఒకర్ని పట్టుకుంటే బాగుచేసేవాళ్ళ ఫోన్ నంబరు వాళ్ళ దగ్గరే ఉంటుంది. రిపేర్ అయ్యాక ఫోన్లో తంబుర యాప్ పెట్టి శ్రుతి సరిచూసుకోండి, పాత పెట్టెలు కొంచెం ఎక్కువ తక్కువలు ఉంటాయి. రిపేర్‌కి ఎంతయిందో కావాలంటే రాసుకోండి, కొన్నదానికి కాదు కాబట్టి ఫర్వాలేదు.

ఇంకొక్కటి, దాన్ని దించేటప్పుడు స్టూలు వేసుకుని మీరొక్కరే ఎక్కొద్దు సార్, పాత హార్మోనియం చాలా బరువు. మీ ఇంటామెని పిలవండి, ఆమె కింద పట్టుకుంటుంది.